రెండు తెరల నిఖా

ల్యాప్‌టాప్ కొనడానికి వచ్చిన మనిషి ముందుగా దాని మీద అంటించిన స్టిక్కర్ చూస్తాడు. ఇంటెలా, ఏఎండీయా, ఎన్ని గిగాహెర్ట్జ్ అని అడుగుతాడు. అది వింటే చాలు నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్లికూతుర్ని చూడ్డానికి వెళ్లి ఇంటి గేటు చూసి వచ్చేసినట్టు ఉంటుంది వాళ్ల యవ్వారం. బర్ దుబాయ్ కంప్యూటర్ వీధిలో నేను పనిచేసే షాపుకు ఎవరొచ్చినా, నేను ల్యాప్‌టాప్‌ని చేతిలోకి ఎత్తి దాని పక్కలు చూపిస్తాను. ఎడమ పక్క ఏ రంధ్రాలున్నాయి, కుడి పక్క ఏమున్నాయి, వెనక ఏముంది అని. లోపల ఎంత తెలివున్నా బయటికి చెప్పడానికి నోరుండాలి కదా. ఆ నోళ్లే పోర్టులు.

ఈ మాట చెబితే మా షాపులో సుజిత్ నవ్వేవాడు. సుజిత్‌ది రాజమండ్రి. ఇంటెల్ స్టిక్కర్ కనిపిస్తే కళ్లకద్దుకునే రకం. ఫైజా గారూ, మీరు రంధ్రాలు లెక్కపెట్టుకోండి, నేను బండి వేగం చూసుకుంటానండి అనేవాడు. ఇద్దరం రోజూ పోట్లాడుకునేవాళ్లం. 2007 జనవరిలో మా సమీనా పెళ్లి కుదిరినప్పుడు ఆ పోట్లాటకు అసలు పని పడింది.

సమీనా మా వజీరాబీ ఖాలా కూతురు, అంటే మా అమ్మ చెల్లెలి కూతురు. కరామాలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. మా రెండు కుటుంబాలూ సత్వాలో ఒకే విల్లాను పంచుకుని ఉండేవి. అందుకని సమీనా డ్రైవింగ్ పరీక్ష తప్పిన ప్రతిసారీ ఆ ఏడుపు మా గోడలోంచి మాకే వినబడేది. పట్టు వదలకుండా వెళ్లి వెళ్లి చివరికి లైసెన్సు సంపాదించింది. ఆ కార్డు చేతికి వచ్చిన రోజు మా అందరికీ షవర్మా తినిపించింది. పెళ్లికొడుకు రమీజ్‌ది దుబాయ్‌కు బాగా దూరంగా, ముసఫ్ఫా దగ్గర ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో, ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని జెబెల్ అలీ వైపు ఇల్లు చూసుకున్నారు. అతను అటు పోతాడు, ఈమె ఇటు వస్తుంది. ఉద్యోగం మానను, కారు నేనే నడుపుకుంటాను, ఇది నిఖాలో షరతుగా చదవాలి అని సమీనా ముందే చెప్పింది. రమీజ్ నవ్వి సరేనన్నాడు. అతని పెద్దనాన్న మాత్రం నవ్వలేదు.

పెళ్లికి బద్వేలు నుంచి మా నానీ జైబున్నీసా, నానా మస్తాన్ సాహెబ్, అంటే మా అమ్మమ్మా తాతయ్యా, విజిట్ వీసా మీద వచ్చారు. నానీ ఒక వింత మనిషి. విమానంలో కిటికీ సీటు ఇస్తే వద్దని లేచి ఇవతల కూర్చుందట. సత్వా నుంచి జుమేరా బీచి ఎంత దూరమని, నడిచినా పోవచ్చు, సముద్రం చూపిస్తాం రమ్మని మేం రోజూ పిలిస్తే, ఇప్పుడు కాదులే అని ముసుగు కప్పుకుని పడుకునేది. ఆమెకు కావలసింది వేరే ఉంది. ఒకరోజు మధ్యాహ్నం నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"నువ్వేదో టీవీల్లో బొమ్మలు ఏసే పని చేస్తావంట గదా. సమీనా నిఖా నా కండ్లతో నేను చూడల్ల. ఏస్తావా?"

మా పెళ్లిళ్లలో నిఖా జరిగేది మగవాళ్ల హాలులో. ఆడవాళ్లం గోడకు ఇవతల ఉంటాం. వకీలు అనే పెద్దమనిషి ఇద్దరు సాక్షులతో మా వైపు వచ్చి, పెళ్లికూతురి ఒప్పుదల అడిగి, ఆమె మాటను మోసుకుని అటు పోతాడు. అక్కడ ఖాజీ ముందు ఆ మాట చెబుతాడు. చెప్పాడో, మింగాడో మాకు తెలియదు. ముబారక్ ముబారక్ అని అరుపులు వినిపిస్తాయి, ఖర్జూరాల పళ్లెం వస్తుంది, పెళ్లి అయిపోయిందన్నమాట.

నానీ తన నిఖా సంగతి చెప్పింది. పదిహేనేళ్ల పిల్లట అప్పుడు. వకీలుగా వచ్చినవాడు వాళ్ల చిన్నాన్న. ఆమె సిగ్గు విడిచి ఒక్క షరతు చెప్పిందట. సరే బేటీ అని ఆయన తల నిమిరి పోయాడట. ఆ షరతు అటు చేరనే లేదని చాలా ఏళ్ల తర్వాత, ఆ చిన్నాన్నే నవ్వుతూ చెప్పాడట, చిన్నపిల్ల మాట మజ్లిస్‌లో, అంతమంది పెద్దల మధ్య ఏం చెప్తామమ్మా అని. ఏం షరతు నానీ అని నేనెంత అడిగినా చెప్పలేదు. ఇన్నేళ్లలో ఎన్నో నిఖాలకు పోయిందిగానీ ఒక్కటీ చూడలేదు, సమీనా మాట అటు చేరేది తను చూసి తీరాలి, అదీ ఆమె పట్టు. నా గుండె అక్కడే కరిగిపోయింది. సరే అని మాటిచ్చేశాను.

సమీనా తండ్రి సనావుల్లా ఖాలూ ఒప్పుకోవడానికి రెండు రోజులు తీసుకున్నాడు. అత్తగారి మాట కాదనలేక, ఒక కట్టడి పెట్టి ఒప్పుకున్నాడు. మగవాళ్ల వైపు బొమ్మ మీరు చూస్తే చూడండి, మీ వైపు నుంచి మాత్రం ఒక బొమ్మ గానీ, గొంతు గానీ ఇటు రాకూడదు. వచ్చిందంటే అవతలివాళ్ల ముందు నా తల తీసేసినట్టే అన్నాడు. దాంతోపాటు ఇంకో పనీ అప్పజెప్పాడు. మగవాళ్ల హాలు పొడుగు ఎక్కువ, వెనక కూర్చున్నవాళ్లకు కూడా కనిపించేలా ప్రొజెక్టర్ మీద వేయమన్నాడు.

ఇక చూడండి నా సంబరం. ఒకే కెమెరా. దాని బొమ్మ ఒక ల్యాప్‌టాప్‌లోకి రావాలి. అక్కడి నుంచి మగవాళ్ల వైపు ప్రొజెక్టర్‌కు ఒకటి, మా వైపు టీవీకి ఒకటి పోవాలి. షాపు ముదీర్‌ని, అంటే మేనేజర్‌ని, బతిమాలి శుక్రవారం ఒక్కరోజుకు డెమో ల్యాప్‌టాప్ అడిగాను. ఏదో ఒకటి తీసుకుపొమ్మన్నాడు. ఆ ఏదో ఒకటి ఏదన్నదే నాకూ సుజిత్‌కూ తగువు.

సుజిత్ ఇంటెల్‌ది తెచ్చి బల్ల మీద పెట్టాడు. మంచి బండి, కాదనను. క్యాసెట్ కెమెరా బొమ్మను లోపలికి తీసుకునే ఫైర్‌వైర్ రంధ్రం దానికి పుట్టుకతోనే ఉంది. ప్రొజెక్టర్‌కు పోయే నీలం రంగు వీజీఏ పోర్టూ ఉంది. కానీ టీవీకి పోయే దారి లేదు. బయటికి ఒకే ఒక్క నోరు. నేను ఏఎండీది తెచ్చి పక్కన పెట్టాను. దీనికి నీలం పోర్టు ఉంది, దాని పక్కనే టీవీకి పోయే గుండ్రటి ఎస్-వీడియో ఉంది. బయటికి రెండు నోళ్లు. లోపలికి తీసుకునే ఫైర్‌వైరే లేదు. చూశారా, మూడూ ఉన్నది ఒక్కటీ లేదన్నాడు సుజిత్, గెలిచినట్టు మొహం పెట్టి.

నేను ఏఎండీ దాన్ని తిప్పాను. పక్కన ఒక సన్నటి చీలిక, పీసీ కార్డు పెట్టుకునేది. ఫైర్‌వైర్‌ను కార్డు రూపంలో అందులో తోసేయొచ్చు. ఇంటెల్ దానికి మాత్రం లేని నోరు కొత్తగా తెరిపించే కార్డు మా షాపులో లేదు. సుజిత్ కాసేపు రెండు ల్యాప్‌టాప్‌లనూ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకో మోడల్‌లో ఇదంతా తారుమారు ఉండొచ్చు, ఇందులో ప్రాసెసర్ గొప్పా లేదు, తప్పూ లేదండీ అన్నాడు. నేను రోజూ మొత్తుకునేది అదే కదా అన్నాను. అప్పుడు వాడు తన సొరుగులోంచి ఫైర్‌వైర్ కార్డు తీసి ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోకుండా ఒక మాటన్నాడు. కెమెరా నుంచి పసుపు వైరు ఒకటి నేరుగా టీవీకి లాగేసి, ప్రొజెక్టర్‌కు ఇంకో వైరు చీల్చుకుంటే అయిపోదా, ల్యాప్‌టాప్ ఎందుకండీ అని. నిజానికి అయిపోతుంది. కానీ నేనప్పటికే ఆ రెండు పోర్టుల ప్రేమలో నిండా మునిగి ఉన్నాను. వినిపించుకోలేదు.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత, అల్ కూజ్‌లో ఒక హాలు. మగవాళ్ల వేదిక పక్కనే రెండు హాళ్లకూ మధ్య తలుపు, దానికి మందపాటి పరదా. పరదాకు ఇవతల నేనూ ల్యాప్‌టాపూ. అవతల కెమెరా పట్టుకుని సుజిత్. పరదా కిందుగా వైర్లు. ల్యాప్‌టాప్ సొంత తెరను ఆపేశాను, ఎందుకంటే అది ఒకేసారి రెండు తెరలకే బొమ్మ ఇవ్వగలదు, ఆ రెండూ బయట ఉన్నాయి. మీట నొక్కాను. మా టీవీలో వేదిక వచ్చింది, దాని మీద పూలదండల్లో రమీజ్ కనిపించాడు, కెమెరాకు అందిన మాటలు ల్యాప్‌టాప్‌లోంచి వినబడ్డాయి. ఆడవాళ్లంతా ఒక్కసారి ముందుకు జరిగారు.

ఆ తర్వాత అరగంట నేను జన్మలో మరిచిపోను. సుజిత్ కెమెరాను మెల్లగా హాలంతా తిప్పాడు. ఆడవాళ్లు తమ మొగుళ్లను దొంగచాటుగా చూడ్డం మొదలుపెట్టారు. ఒకామె భర్త కూర్చుని కునుకు తీస్తున్నాడు. ఇంకొకాయన పక్కవాడి భుజం మీద కొట్టి పగలబడి నవ్వుతున్నాడు. ఈ మనిషికి నవ్వడం వచ్చని నాకు తెలియనే తెలియదే అని ఆయన భార్య షాహీదా అంటే హాలంతా ఘొల్లుమంది. నానీ ఒక్కతే నవ్వలేదు. టీవీకి అందరికంటే దగ్గరగా కుర్చీ వేయించుకుని, కళ్లద్దాలు తుడుచుకుని తుడుచుకుని చూస్తోంది. ముందు వరసలో నానా తెల్ల టోపీ కనిపించినప్పుడు మాత్రం పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

జమీర్ మామూ వకీలుగా మా వైపు వచ్చాడు, ఇద్దరు సాక్షులతో. జమీర్ మామూ అంటే నానీ కొడుకే, మా అమ్మకు తమ్ముడు. మెత్తటి మనిషి. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల మాటకు తలూపుతాడు. మేలిముసుగు కింద నుంచి సమీనా ఒప్పుదల చెప్పి, షరతు కూడా స్పష్టంగా చెప్పింది. ఉద్యోగం మానను, కారు నేనే నడుపుకుంటాను, ఈ మాట చదివాకే పెళ్లికి ఖుబూల్ అని. సరే బేటీ అని మామూ ఆమె తల నిమిరాడు. ఆ మాట వినగానే నానీ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

మామూ పరదా దాటాడు. మేమంతా టీవీ వైపు తిరిగాం. వేదిక మెట్టు ఎక్కబోతుంటే రమీజ్ పెద్దనాన్న మామూ మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో వినబడలేదు గానీ, ఊహించడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. ఇలాంటివి మజ్లిస్‌లో చదివి పరువు తీసుకుంటామా, మనలో మనం అనుకున్నాం కదా, అంతే. మామూ తలూపాడు. పైకి వెళ్లి ఖాజీ ముందు కూర్చుని పెళ్లికూతురి పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, పెళ్లికొడుకు ఇచ్చే మెహర్ సొమ్ము చెప్పాడు. చెప్పి నోరు మూసుకున్నాడు.

ఖాజీ గొంతు సవరించుకుని, ఖుబూల్‌కు ముందు చదివే ఖుత్బా మొదలుపెట్టాడు. అది అయిందంటే పెళ్లికొడుకుని ఖుబూలేనా, అంటే ఒప్పుకున్నావా అని అడుగుతారు, ఆ తర్వాత ఇక చెప్పడానికేమీ మిగలదు. సమీనా ముసుగు ఎత్తేసింది. కళ్ల నిండా నీళ్లు. నేను ఖాలూకి ఫోన్ చేశాను, స్విచాఫ్. నమాజు నుంచి నేరుగా వచ్చారు, ఎవడి ఫోనూ మోగదు. నేనే పోయి పరదా తీసి అరుస్తానని లేస్తే వజీరాబీ ఖాలా నా కొంగు పట్టుకుంది. ఆడగొంతు మజ్లిస్‌లో వినబడితే వాళ్లు లేచి పోతారే, పెళ్లి చెడుతుందే అని బతిమాలింది.

నానీ నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు. అది కోపం కంటే పెద్దది.

"ఆ పెద్ద తెరకు బొమ్మ ఈ డబ్బాలో నుంచే కదా పోయేది?"

అవునన్నాను.

"మన బొమ్మ పోగూడదన్నాడు మీ ఖాలూ. గొంతు పోగూడదన్నాడు. అచ్చరాలు పోగూడదని చెప్పినాడా?"

చెప్పలేదు. ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఇప్పటిదాకా రెండు తెరల మీదా ఒకే బొమ్మ వేస్తున్నాను. కానీ ఈ ల్యాప్‌టాప్‌కు రెండు నోళ్లున్నాయి, కావాలంటే రెండు నోళ్లతో రెండు మాటలు చెబుతుంది. సెట్టింగు మార్చాను. అటువైపు తెర ఒక్కసారి ఖాళీ అయి నీలంగా నిలబడింది. మా టీవీలో మాత్రం కెమెరా బొమ్మ ఓ మూలకు చిన్నదై అలాగే ఉంది. వెనక వరసల మగవాళ్లు తలలెత్తి చూస్తున్నారు.

తెర మీద రాసుకునే విండో, అదే కిటికీ, తెరిచి అక్షరాలు వీలైనంత పెద్దవి చేశాను. తెలుగు అక్షరాలు ఆ ల్యాప్‌టాప్‌లో లేవు, ఎస్సెమ్మెస్ కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్ తెర ఆపేసి ఉంది కాబట్టి నేను కొట్టే ప్రతి అక్షరం మా టీవీలోనే పడుతోంది, హాలంతా చదువుతోంది. ఒకామె ముందు సలాం పెట్టమంది. ఒకామె దయచేసి అని చేర్చమంది. దయ ఏంది, అడుక్కుంటాండామా అని నానీ కసిరింది. ఆమె చెప్పినట్టే కొట్టాను. జమీర్, నువ్వు షరతు మింగినావు. సమీనా ఉద్యోగం మానదు, కారు తనే నడుపుతుంది. ఇది చదివినాకే ఖుబూల్. ఇట్లు నీ తల్లి జైబున్నీసా.

ఇక దాన్ని గోడ అవతలికి తొయ్యాలి. రెండు తెరలూ పక్కపక్కన పరిచిన ఒకే చాపలాగా ఉంటాయి. మా టీవీ అంచు దాటిస్తే ప్రొజెక్టర్ మీదికి పోతుంది. కిటికీని పట్టుకుని కుడివైపు ఈడ్చాను. అంచు దగ్గర ఆగిపోయింది. మళ్లీ ఈడ్చాను, కదల్లేదు. ఖాజీ ఖుత్బా ముగింపుకు వస్తోంది. ఇంతమంది ముందు నా పోర్టుల పాండిత్యమంతా మట్టిలో కలిసిందనుకున్నాను. అప్పుడు వెలిగింది, రెండో తెరను అది ఎడమవైపు అనుకుంటున్నట్టుంది. ఎడమకు ఈడ్చాను. కిటికీ సగం మా టీవీలో, సగం ఎక్కడో. ఇంకొంచెం ఈడ్చాను. మా టీవీలోంచి పూర్తిగా మాయమైంది.

టీవీ మూలన ఉన్న చిన్న బొమ్మలో ఖాజీ ఆగిపోయి తెర వైపు చూస్తున్నాడు. అందరి మెడలూ అటే తిరిగాయి. సుజిత్ కూడా కెమెరా అటు తిప్పాడు కాబట్టి మా అక్షరాలు చుట్టుతిరిగి మా టీవీకే వచ్చాయి. జమీర్ మామూ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఖాజీ హైదరాబాదు మనిషి, ఉర్దూ తప్ప తెలుగు రాదు, ఆ రాత ఆయనకు అర్థం కాలేదు, ఏమిటని అడిగాడు. సనావుల్లా ఖాలూ ముఖం మాడిపోయింది. రమీజ్ పెద్దనాన్న లేచి నిలబడ్డాడు. అయిపోయింది, లేచి పోతారు అనుకున్నాను.

అప్పుడు రమీజ్ పూలదండలు పక్కకు తోసుకుని, తెర చూస్తూ, ఆ రాతను గట్టిగా చదివాడు. ఇట్లు నీ తల్లి దాకా చదివి, ఖాజీ వైపు తిరిగి అదే ఉర్దూలో చెప్పాడు.

"ఇది నేను ఒప్పుకున్న మాటే ఖాజీ సాబ్. నిఖానామాలో రాయండి. రాశాకే నన్ను అడగండి."

పెద్దనాన్న చుట్టూ చూసి కూర్చున్నాడు. ఖాజీ రాశాడు. మళ్లీ పైకి చదివాడు, ఈసారి ప్రతి మాటా మాకు వినబడింది. రమీజ్ మూడుసార్లు ఖుబూల్ అన్నాడు. మా హాలులో లేచిన అరుపుకు గోడలు అదిరాయి, అది అటు వినబడిందో లేదో నేనిప్పటికీ పూచీ ఇవ్వలేను. సమీనా నన్ను కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. షాహీదా అయితే ల్యాప్‌టాప్‌కు దిష్టి తీసింది. సుజిత్ చెప్పిన పసుపు వైరు లాగి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ తలుచుకుంటాను. బొమ్మ వచ్చేది, అందరం చూసేవాళ్లం, చూస్తూ కూర్చునేవాళ్లం.

ఖర్జూరాలు పంచుతుంటే నానీ ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చింది. ఏ బొక్కలోంచి పోయింది ఆ మాట అని అడిగింది. నీలం పోర్టు చూపించాను. దాన్ని వేలితో తడిమింది. తడిమి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఇంకో ముక్క కొట్టమంది.

ఆమె చెబుతుంటే నేను కొట్టాను. ఈసారి హాలులో ఎవరూ సలహాలివ్వలేదు. కొట్టింది ఎడమవైపు ఈడ్చి అటు పంపించాను. అవతల ఖర్జూరాలు నములుతున్నవాళ్లు తెర చూసి ఆగిపోయారు. నానాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. తన పేరు పిలిచినట్టు అందరూ ఆయన వైపు చూస్తుంటే కంగారుగా టోపీ సర్దుకున్నాడు. మళ్లీ రమీజే చదివి వినిపించాడు. మస్తాన్ సాహెబ్ గారికి. మన నిఖా దినం నేను ఒక షరతు చెప్పి పంపినా. నన్ను సముద్రం చూపించడానికి తీసుకపోవల్లని. మా చిన్నాయన చెప్పలేదు. ఇప్పుడు చెప్తాండా. జైబున్నీసా.

విమానంలో కిటికీ సీటు ఎందుకు వద్దందో, బీచికి ఎందుకు రానందో అప్పుడర్థమైంది. మాతో చూడదు. ఆయనతో చూడాలి.

టీవీలో నానా కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు. సుజిత్ కెమెరాను ఆయనకు దగ్గరగా తెచ్చాడు. నానా దానిలోకే చూస్తూ మాట్లాడాడు, పరదా లేనట్టు, గోడ లేనట్టు.

"నాకెవురూ చెప్పలేదే. చెప్పింటే ఆ పొద్దే పిల్చుకపోయింటా."

పెళ్లికొడుకు అన్నట్టే, మూడుసార్లు అన్నాడు. ఖుబూల్. ఖుబూల్. ఖుబూల్.

నానీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది. బురఖా సర్దుకుంటూ నన్ను అడిగింది.

"ఫైజా, నా చెప్పులు యాడ పెట్టినావే?"